ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో సినిమా: సత్యజిత్ రే బొమ్మ, అక్షరం, పాట

అక్షరాల_బాబాయ్ (విజయవాడ):

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం పుస్తకాల బీరువా దులుపుతుంటే సాహిత్య అకాడెమీ వాళ్ల పాత తెలుగు పుస్తకాలు పదో పన్నెండో బయటపడ్డాయి. వాటి మీద చిన్న ముద్ర ఉంటుంది కదా, అది గీసింది సత్యజిత్ రే అని మా అబ్బాయికి చూపించాను. "ఆయన డైరెక్టర్ కదా నాన్నా, ఇదెందుకు గీశాడు?" అన్నాడు. ఆ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. బ్రష్షు పోయి ఫ్లెక్స్ వచ్చాక కంప్యూటర్ నేర్చుకుని పుస్తకాల అట్టలు వేస్తున్నాను. చాలామంది "రే గొప్ప దర్శకుడు, తీరిక దొరికినప్పుడు బొమ్మలు కూడా వేసేవాడు, పాటలు కూడా కట్టేవాడు" అంటారు. ఆ "కూడా" అన్న మాటే నాకు నచ్చదు. వాళ్ల తాత ఉపేంద్రకిశోర్ కథలు రాశారు, బొమ్మలు వేశారు, ఫోటోలు అచ్చు వేసే హాఫ్‌టోన్ బ్లాకుల మీద పరిశోధన చేశారు. 1913లో 'సందేశ్' అనే పిల్లల పత్రిక పెట్టారు. కలకత్తా గర్పార్ రోడ్డులో వాళ్ల ఇల్లూ ప్రెస్సూ ఒక్కటే. తండ్రి సుకుమార్ రే పోయేనాటికి ఈ పిల్లాడికి రెండేళ్లు. అచ్చు సిరా వాసనలో పుట్టిన పిల్లాడన్నమాట. 1940లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరి నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర బొమ్మ నేర్చుకున్నారు. 1943లో డి.జె. కీమర్ అనే యాడ్ కంపెనీలో నెలకు 80 రూపాయల జీతానికి చేరారు. ఆయన మొదటి సినిమా 'పథేర్ పాంచాలి' తెర మీదికి వచ్చింది 1955లో. అంటే సినిమా కంటే ముందు పన్నెండేళ్లు ఆ చెయ్యి అక్షరాలే గీసింది.

అక్షరం గీసే చెయ్యే సినిమా తీసిందని నా నమ్మకం. మీరేమంటారు?

ఫిల్మ్‌స్కూల్_కుర్రాడు (పుణె):

బాబాయ్ గారూ, మంచి టాపిక్. 'పథేర్ పాంచాలి' పుట్టిందే పుస్తకం బొమ్మల్లోంచి అంటారు కదా. సిగ్నెట్ ప్రెస్ వాళ్లు 'పథేర్ పాంచాలి' నవలకి పిల్లల కోసం సంక్షిప్త ప్రతి వేస్తే, దానికి బొమ్మలు వేసింది రేనే. బొమ్మలు వేస్తూ వేస్తూ ఇది సినిమాగా ఎలా ఉంటుందో చూసేశారు.

నాకో డౌట్. 'పథేర్ పాంచాలి'తో మొదలైన అపు అనే కుర్రాడి మూడు సినిమాలకి రవిశంకర్, 'జల్సాఘర్'కి విలాయత్ ఖాన్, 'దేవి'కి అలీ అక్బర్ ఖాన్. ఇంత పెద్దవాళ్లు సంగీతం ఇచ్చాక, 1961లో 'తీన్ కన్యా' నుంచి తనే ఎందుకు మొదలుపెట్టారు? నాలుగేళ్ల క్రితం మా క్లాసులో ఒకాయన "అన్నీ తన చేతిలో ఉండాలన్న పట్టుదల" అన్నారు. అది నిజమేనా?

ఖరగ్‌పూర్_పద్మ:

నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. ముందు బాబాయ్ గారి మాటకి ఒక్కటి కలుపుతాను, పాటల సంగతి సంగీతం తెలిసినవాళ్లు చెప్తారు.

'ఖేరోర్ ఖాతా' అని విన్నారా? ఎర్ర గుడ్డ అట్ట, దారంతో కుట్టిన పొడుగాటి పుస్తకం. మన కిరాణా కొట్లో చిట్టా పుస్తకం లాంటిదే. బెంగాల్లో వైశాఖం మొదటి రోజున వ్యాపారులు పాత లెక్కలు కట్టేసి కొత్త ఖాతా తెరుస్తారు. ఆ రోజు మా వీధి చివర బట్టల కొట్టు ఆయన కొత్త పుస్తకం మీద పసుపూ సిందూరం పెట్టి మాకు మిఠాయి పొట్లం ఇచ్చేవాడు. రే తన సినిమాలు చాలావరకు అలాంటి పుస్తకాల్లోనే రాసుకున్నారు. ఆ పేజీల ఫోటోలు ప్రచురించారు, చూడండి. ఒక పక్క డైలాగు, దాని పక్కనే ఆ షాటు బొమ్మ, కింద చీర అంచు ఎలా ఉండాలో, గది ప్లాన్, ఎవరు ఏ తలుపులోంచి వస్తారో బాణం గుర్తు. అక్కడక్కడా పాట ముక్కలు.

మనలాంటి నలుగురు నాలుగు ఫైళ్లలో పెట్టుకునేవన్నీ ఆయనకి ఒక్క పేజీలో ఉన్నాయి. ఆయనకి ఇవి నాలుగు పనులు కావని ఆ పేజీ చూస్తేనే తెలిసిపోతుంది.

మృదంగం_తెనాలి:

పద్మ గారూ, చాలా బాగా చెప్పారు.

కుర్రాడి ప్రశ్నకి జవాబు. పట్టుదల అనను. రవిశంకర్ గారు కచేరీలతో దేశాలు తిరుగుతుండేవారు. 'పథేర్ పాంచాలి' సంగీతం మొత్తం ఒకే రాత్రి కూర్చుని దాదాపు పదకొండు గంటల్లో చేశారు. అప్పటికి ఆయన చూసింది సినిమాలో సగమే. ఆయన అంతటివారు కాబట్టి అద్భుతంగా వచ్చింది. కానీ కచేరీ విద్వాంసుడు రాగాన్ని దాని నడకలో పోనిస్తాడు, సినిమాకి పదిహేడు సెకన్లే కావాలి. ఆ పదిహేడో సెకనులో తలుపు తెరుచుకోవాలి. మృదంగం వాయించేవాడిగా ఆ బాధ నాకు తెలుసు. ఒక డాన్స్ ప్రోగ్రాంకి రికార్డింగ్ చేశాం, మోరా (తాళం ముక్తాయింపు) ముగిసే చోట అడుగు పడలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

ఇంకోటి. ఏ క్షణం ఎంతసేపు ఉండాలో గీసుకున్నవాడికే తెలుసు. ఆయన బుర్రలో అప్పటికే పాట ఉంది. ఉన్న పాటని పెద్ద విద్వాంసుడి చేత వాయించమనడం ఇద్దరికీ ఇబ్బందే. విలాయత్ ఖాన్ గారు 'జల్సాఘర్'లో జమీందారు మీద జాలి కలిగేలా వాయించారు, రేకి కావలసింది ఇంకాస్త పదునైనది. అది ఎవరి తప్పూ కాదు.

రాగమాలిక_హైదరాబాద్:

క్షమించాలి, నేను ఒప్పుకోను. మనసులో ఉన్నది చెప్తున్నాను.

'పథేర్ పాంచాలి'లో దుర్గ పోయిన తర్వాత తండ్రి ఊరి నుంచి వస్తాడు. ఏమీ తెలియక కూతురికి తెచ్చిన చీర తీస్తాడు. తల్లి ఆ చీర నోటికి అడ్డం పెట్టుకుని కూలిపోతుంది. అక్కడ ఆమె ఏడుపు వినబడదు, తార్ షెహనాయ్ (కమానుతో వాయించే తీగల వాద్యం) పైస్థాయిలో అరుస్తుంది. అమ్మ పోయిన సంవత్సరం ఆ సీన్ మళ్లీ చూశాను, పూర్తిగా చూడలేక ఆపేశాను. రే సొంతంగా చేసిన సంగీతం అందంగా ఉంటుంది, కొలిచి కోసినట్టు ఉంటుంది. కానీ ఆ షెహనాయ్ లాంటిది మళ్లీ నాకు దొరకలేదు. కొలత దాటి పొంగేది ఒకటి ఉంటుంది, అది రవిశంకర్ గారి దగ్గర ఉంది.

అక్షరాల_బాబాయ్:

అమ్మా, మీరు చెప్పిన సీన్ చదువుతుంటేనే గొంతు పట్టేసింది. కానీ నోటి ఏడుపు తీసేసి వాద్యం పెట్టడం అనేది దర్శకుడి చెవి కదా? ఆ చోటు ఖాళీ చేసిపెట్టింది ఎవరు?

రాగమాలిక_హైదరాబాద్:

అది నిజమే. చోటు రేది, పొంగు రవిశంకర్‌ది. అంతవరకు ఒప్పుకుంటాను.

ఫిల్మ్‌స్కూల్_కుర్రాడు:

ఆ సినిమాలో ఇంకో విషయం. మిఠాయిలమ్మే వాడి వెనకాల పిల్లలిద్దరూ, వాళ్ల వెనకాల కుక్క, చెరువు నీళ్లలో తలకిందులుగా నీడలు. సినిమాలో కొన్ని చోట్ల సంగీతం చాలకపోతే సితార్ వాయించింది కెమెరామన్ సుబ్రత మిత్రా. కెమెరా పట్టినవాడు సితార్ వాయిస్తాడు, దర్శకుడు పోస్టర్ గీస్తాడు. అలాంటి యూనిట్ అది.

మృదంగం_తెనాలి:

రాగమాలిక గారూ, మీరు 'గూపీ గాయేన్ బాఘా బాయేన్' చూశారా? 1969లో వచ్చింది. కథ వాళ్ల తాతగారిది, పాటలు రాసిందీ బాణీ కట్టిందీ రే. దాంట్లో దయ్యాల నాట్యం ఉంది, ఆరున్నర నిమిషాలు. మాట లేదు, పాట లేదు, ట్యూన్ కూడా లేదు. అంతా తాళమే. ఆ తాళం ఎక్కడిదో తెలుసా? మనది!

కర్ణాటక తాళవాద్య కచేరి విని, అందులోంచి తీసుకున్నారు. నాలుగు రకాల దయ్యాలు. రాజులు, పల్లె జనం, తెల్ల దొరలు, లావుపాటి వాళ్లు. ఒక్కొక్కళ్లకి ఒక్కో వాద్యం. రాజులకి మృదంగం, ఎందుకంటే అది సభలో కూర్చునే వాద్యం. పల్లె జనానికి కంజీర. దొరలకి ఘటం, టకటకమని గట్టి చప్పుడు. లావు దయ్యాలకి మోర్సింగ్, ఆ బొంయ్ బొంయ్ అనే శబ్దం వాళ్ల పొట్టలకి సరిగ్గా అతికింది. నేను మొదటిసారి చూసినప్పుడు సోఫాలోంచి లేచి నిలబడ్డాను. మా గురువుగారు తనియావర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, నాలుగు వాద్యాలకీ వంతులు పంచేవారు. ముందు పెద్ద ఆవర్తాలు, తర్వాత సగం, తర్వాత పావు, ఆఖరికి అందరూ కలిసి కోర్వై అనే ముగింపు. ఇక్కడా అదే పద్ధతి. దయ్యాలు మొదట మర్యాదగా ఆడతాయి, తర్వాత గొడవ, తర్వాత కొట్లాట, ఆఖర్న నాలుగు జట్లూ ఒకదానిపైన ఒకటి నాలుగు వరసలుగా తెరనిండా.

ఆ నాలుగు వరసల్ని చూస్తే దేవాలయం గోడ మీద శిల్పాల పట్టీలు గుర్తొచ్చాయి. బొమ్మల బడిలో చదవనివాడికి ఆ కూర్పు తట్టదు, తాళం తెలియనివాడికి ఆ ముగింపు తట్టదు. రెండూ ఒక్కడికే తట్టాయి. అక్కడ భూతాల రాజు మాట్లాడే గొంతు కూడా రేదే, మార్చి పెట్టారు.

ఖరగ్‌పూర్_పద్మ:

మాస్టారూ, ఆ సినిమా బెంగాల్లో పిల్లలకి పాఠం లాంటిది. స్కూల్ యాన్యువల్ డే అంటే ఎవరో ఒకరు గూపీ వేషం వెయ్యాల్సిందే. నేను కర్ణాటక సంగీతం వినని ఇంట్లో పెరిగాను, ఆ నాట్యంలో మన వాద్యాలున్నాయని ఇవాళ మీరు చెప్తేనే తెలిసింది. ఇన్నేళ్లు విన్నాను, అది మనదని తెలీదు.

మృదంగం_తెనాలి:

ఇంకోటి వినండి. 1976లో ఆయన భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి గారి మీద 'బాల' అనే డాక్యుమెంటరీ తీశారు. సముద్రం ఒడ్డున ఆమె "కృష్ణా నీ బేగనే బారో" అభినయిస్తారు. గాలికి చీర కొంగు ఎగిరిపోతుంటుంది, ఆమె మాత్రం అక్కడ లేని పిల్లాణ్ణి పిలుస్తూనే ఉంటారు. ఆమె పేరు చెబితే మనకి క్షేత్రయ్య పదాలు గుర్తొస్తాయి. తెలుగు పదం నిలబడ్డ గొప్ప ఇళ్లలో వాళ్లదొకటి. ఆవిడ మొహం ఎంత దగ్గరగా చూపించాలో, పాదం ఎప్పుడు చూపించాలో ఆ సినిమా చూసి నేర్చుకోవచ్చు.

సిద్దిపేట_శీను:

నమస్తే అందరికీ. ఇంతసేపు చదువుకుంట కూసున్న. రే గారి గురించి నాకు ఎక్కువ తెల్వదు గానీ, మన దగ్గర కూడా ఇసొంటి సంగతి ఒకటుంది. బి. నర్సింగరావు గారు బొమ్మలేసే మనిషి. 1983ల 'రంగుల కల' తీసి, అందుల పెయింటర్‌గ తానే నటించిండు. 1988ల 'దాసి' తీసినప్పుడు ఆర్ట్ డైరెక్షన్ ఎవరికిచ్చిండో తెలుసా? తోట వైకుంఠం గారికి. ఆ పెద్ద పెద్ద బొట్లు, ముదురు రంగుల చీరలు కట్టిన తెలంగాణ ఆడోళ్ల బొమ్మలేసే వైకుంఠం గారే. ఆ పనికి ఆయనకి జాతీయ అవార్డొచ్చింది. గడీల గోడ, గిలాసు, గచ్చు అన్నీ మా అమ్మమ్మ చెప్పిన లెక్కనే ఉంటయ్. పెయింటర్ చేతుల సినిమా వడితే గోడ కూడా మాట్లాడుతది.

అక్షరాల_బాబాయ్:

శీనూ, బాగా గుర్తు చేశావు. మనకి బాపు గారు ఉండనే ఉన్నారు. ఆయనా అడ్వర్టైజింగ్‌లోంచి, పత్రికల బొమ్మల్లోంచి వచ్చినవారే. 1967లో 'సాక్షి'తో మొదలుపెట్టి ప్రతి షాటూ ముందు బొమ్మగా గీసుకున్నారు. ఆయన చేతిరాత మనందరి పెళ్లి శుభలేఖల దాకా వచ్చింది. ఎవరైనా "బాపు అక్షరాలు వెయ్యండి" అంటే ఏ ఊళ్లో డీటీపీ వాడికైనా అర్థమవుతుంది. ఒక దర్శకుడి చేతిరాత భాషకే లిపి అయిపోవడం ఎంత గొప్ప! అయితే తేడా కూడా చెప్పాలి. బాపు గారు పాట దగ్గర మహదేవన్ గారిని నమ్మి ఆయన చేతిలో పెట్టారు. రే పాటని కూడా తన ఖాతా పుస్తకంలోకి తెచ్చుకున్నారు. రెండూ మంచి పద్ధతులే.

రే కూడా అక్షరాలు తయారుచేశారు. రే రోమన్, రే బిజార్, డాఫ్నిస్, హాలిడే స్క్రిప్ట్, ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. మొదటి రెంటికీ 1971లో అంతర్జాతీయ పోటీలో బహుమతి వచ్చింది. కానీ నాకు ప్రాణం ఆయన బెంగాలీ అక్షరం మీద. 'ఎక్షణ' అని ఒక సాహిత్య పత్రిక ఉండేది. వాళ్లు పలికేది 'ఎక్ఖొన్' అని, 'ఇప్పుడు' అని అర్థం. నిర్మాల్య ఆచార్యా, మన అపు వేషం వేసిన సౌమిత్ర చటర్జీ కలిసి నడిపారు. దాని అట్ట మీద ఉండేది ముఖ్యంగా ఆ మూడు అక్షరాలే. సంచిక సంచికకీ రే వాటిని కొత్తగా గీసేవారు. ఒకసారి లావుగా బండరాళ్లలా, ఒకసారి దారప్పోగుల్లా. మూడే అక్షరాలు! నేను ఒక బట్టల షాపు పేరు మూడు రకాలుగా రాయమంటే నాలుగో రోజుకి చేతులెత్తేశాను.

ఫిల్మ్‌స్కూల్_కుర్రాడు:

బాబాయ్ గారూ, మీరు అక్షరం అంటుంటే 'చారులత' మొదలు గుర్తొచ్చింది. టైటిల్స్ పడుతుంటే తెర మీద కనిపించేది ఆమె చేతులు. చెక్క చట్రంలో బిగించిన గుడ్డ మీద 'బి' అనే ఇంగ్లీషు అక్షరం కుడుతుంటుంది. భర్త భూపతి పేరులో మొదటి అక్షరం. సూది కిందికి పోతుంది, పైకి వస్తుంది, దారం లాగుతుంది. ఒక్క డైలాగు లేకుండా ఆమెకి ఎంత తీరిక ఉందో, ఆ తీరిక ఎవరి కోసమో చెప్పేశారు. తర్వాత చేతి కళ్లద్దాలు పట్టుకుని కిటికీ నుంచి కిటికీకి తిరుగుతూ వీధి చూస్తుంది. ఆఖరికి అదే కళ్లద్దాల్లోంచి పక్క నుంచి నడిచిపోయే భర్తనీ చూస్తుంది. అక్షరం గీసినవాడే ఆ 'బి'తో సినిమా మొదలుపెట్టగలడు.

సంగీతం కూడా అంతే. అందులో ఉయ్యాల మీద ఆమె పాడేది టాగూర్ పాట "ఫూలే ఫూలే". దాని బాణీ టాగూర్ ఒక స్కాట్లాండ్ పాట నుంచి తీసుకున్నారు. ఆ ఇంట్లో ఇంగ్లీషు పియానో, బెంగాలీ పద్యం, పార్లమెంటు ఎన్నికల కబుర్లు అన్నీ కలిసే ఉంటాయి. సంగీతం కూడా ఆ ఇంట్లో వస్తువే అయిపోయింది.

రాగమాలిక_హైదరాబాద్:

బాబూ, 'చారులత' మాట ఎత్తావు కాబట్టి నేను కొంచెం తగ్గాలి. ఆ ఉయ్యాల సీన్‌లో ఆమె మొహం కదలదు, వెనకున్న తోట ఊగుతుంది. ఆ ఊపు పాట నడకలోనే ఉంది. రవిశంకర్ గారు ఉంటే అక్కడ ఇంకా ఎక్కువ సంగీతం ఉండేది, ఎక్కువ అయ్యేది. ఇది రే చేతిలోనే సరిగ్గా కుదిరింది. షెహనాయ్ మాత్రం వదలను.

ఖరగ్‌పూర్_పద్మ:

వదలకండి. ఎందుకు వదలాలి!

ఒక్క మాట అందరికీ. "ఒక్కడే అన్నీ చేశాడు" అని మాత్రం అనుకోవద్దు. ఆ సినిమాల్లో ఇళ్ల సెట్లు వేసింది ఆర్ట్ డైరెక్టర్ బన్సీ చంద్రగుప్త. 'అపరాజితో'లో కాశీ ఇల్లు స్టూడియోలో వేసిన సెట్. సుబ్రత మిత్రా పైన తెల్ల గుడ్డ కట్టి దాని మీదికి లైటు కొట్టి, కిందికి దిగిన వెలుగుతో షూట్ చేశారు. మా అమ్మానాన్నలతో కాశీ వెళ్లినప్పుడు చూసిన ఆకాశం వెలుగు అచ్చంగా అలాగే ఉంటుంది. రే గీసింది అర్థం చేసుకునే చేతులు పక్కన ఉన్నాయి కాబట్టి ఆ గీతలు తెర మీదికి వచ్చాయి.

సిద్దిపేట_శీను:

పద్మక్కా, ఆ వినోద్ బిహారీ గారి మీద రే సినిమా తీసిండా?

ఖరగ్‌పూర్_పద్మ:

తీశారు తమ్ముడూ, 'ది ఇన్నర్ ఐ' అని, 1972లో. గురువుగారికి నడివయసులో చూపు పూర్తిగా పోయింది. అయినా బొమ్మ ఆపలేదు. చేత్తో తడుముకుంటూ కాగితం మడిచి, మైనంతో ఆకారాలు చేసి, పలకల మీద గోడ బొమ్మ కూర్చారు. ఇరవై నిమిషాల సినిమా. శిష్యుడు గురువుకి పెట్టిన నమస్కారం అది. నువ్వు పెయింటర్ల గురించి రాశావు కదా, నీకు తప్పకుండా నచ్చుతుంది.

మృదంగం_తెనాలి:

బాబాయ్ గారూ, ఆ మూడు అక్షరాలు మీరెప్పుడైనా తెలుగులో గీసి చూశారా? మనకీ మూడే కదా. ఎ, క్ష, ణ.

అక్షరాల_బాబాయ్:

అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ పోస్టులు చదువుతూ రాత్రి పదింటి నుంచి అదే పని. మా తాతగారి ఎరువుల కొట్టు చిట్టా పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది, వెనక పేజీలు ఖాళీ. పద్మ గారి మాట విన్నాక కంప్యూటర్ ముందు కూర్చోబుద్ధి కాలేదు. ఆ పేజీల్లోనే పొడవాటి బ్రష్షుతో గీస్తున్నాను.

'ఎ' తేలిక. గుండ్రంగా మొదలై బయటికి తోక తీస్తే చాలు. 'ణ'కి మూడు ఒంపులు, వాటిని అలల్లా వదిలేస్తే మాస్టారి మోర్సింగ్‌లా ఊగుతున్నాయి. చిక్కంతా 'క్ష' దగ్గర. వత్తు కిందికి దిగిపోతుంది, పక్క రెండు అక్షరాలు పైన వేలాడుతున్నట్టు అయిపోతున్నాయి. ఆరో ప్రయత్నంలో వత్తుని పక్కకి లాగి 'ణ' కాలి కిందికి తీసుకెళ్లాను. ఇప్పుడు మూడూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తలకట్టు మాత్రం ఇంకా కుదరలేదు. 'ఎ'కీ 'ణ'కీ తలకట్టు లేదు, మధ్యలో 'క్ష'కి ఒక్కదానికే ఉంది, రెండు పక్కలా బోడిగా కనిపిస్తోంది.

మా అబ్బాయి పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "దానికీ తీసేస్తే?" అంటున్నాడు. తీసేస్తే అక్షరం అక్షరంగా ఉంటుందా, అలా గీసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉదయం ఫోటో పెడతాను.